రెండో కప్పు

బయటి వాల్వు తాళంచెవి పద్నాలుగేళ్లుగా పెద్దామె నడుముకే వేలాడుతోంది. షెడ్డుకు ఇద్దరు ఓనర్లు మారారు, ట్యాంకులు రెండుసార్లు మారాయి, ఆ తాళంచెవి మాత్రం ఇంకొకరి చేతికి వెళ్లలేదు. అందుకే మంగళవారం పొద్దున ఓనరు గోడకు ఒక కాగితం అంటించి, "శనివారం రాతపరీక్ష. ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ల పేరే నీళ్ల ఇన్‌ఛార్జిగా పై ఆఫీసుకు పంపిస్తా. తాళంచెవి, రిజిస్టరు ఇక వాళ్లవే" అన్నప్పుడు పెద్దామె చెయ్యి తనకు తెలియకుండానే నడుం దగ్గరికి వెళ్లింది.

"పరీక్ష ఎవరెవరికి సార్?"

"నీకూ, చిన్నామెకూ. మిగతావాళ్లకి నీళ్ల పని తెలీదు కదా."

"నాకు తెలుసని మీకు తెలుసు కదా సార్. మళ్లీ పరీక్షెందుకు?"

"తెలిస్తే సరిపోదమ్మా, తెలుసని కాగితం ఉండాలంట. పైనుంచి వచ్చిన రూలు, నేనేం చెయ్యను?"

ఆ షెడ్డులో కుళాయిలకూ, తలుపు పిడులకూ, సైకిలు హ్యాండిళ్లకూ క్రోమియం పూత వేస్తారు. పూత తళతళలాడుతుంది గానీ, వాటిని కడిగిన నీళ్లు విషం. నారింజ రంగు కలిసిన ఆ పసుపు నీళ్లను మొదటి ట్యాంకులో యాసిడ్డూ, మెటా అని పిలిచే తెల్లపొడీ వేసి ఆకుపచ్చగా మార్చాలి. రెండో ట్యాంకులో సున్నం కలిపితే ఆ ఆకుపచ్చంతా మడ్డిగా విడిపోతుంది. మూడో ట్యాంకులో తేరిన నీళ్లను సాయంత్రం నాలుగున్నరకు వాల్వు తిప్పి వీధి కాలవలోకి వదలాలి. ఆ తిప్పడం పెద్దామె పని. తిప్పేముందు ఒక తెల్ల పింగాణీ కప్పులో నీళ్లు ముంచుకుని, కిటికీ దగ్గర అందరికీ వీపు పెట్టి నిలబడి, కాసేపు చూసి "ఊ" అంటుంది. ఆ "ఊ" వినపడితేనే షెడ్డులో మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికి లేస్తారు.

చిన్నామె పనిలోకి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. అన్నను చేసుకున్నది పెద్దామె, తమ్ముణ్ణి చేసుకున్నది చిన్నామె. షెడ్డులో ఈ పేర్లు పెట్టింది మెరుగుపెట్టే బఫింగ్ చక్రం దగ్గర కూర్చునే ముసలాయన. సైన్సు చదువుకుని ఇంట్లో ఊరికే కూర్చుందని జాలిపడి చిన్నామెను ఈ పనిలో పెట్టించింది పెద్దామే. ఆ సంగతి ఈ మధ్య ఆమెకు రోజుకు నాలుగుసార్లు గుర్తొస్తోంది. వచ్చిన ప్రతిసారీ తన చెప్పుతో తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

"పద్నాలుగేళ్ల చెయ్యి, ఎనిమిది నెలల బుర్ర. చూద్దాం ఎవరు నెగ్గుతారో" అన్నాడు ముసలాయన, హ్యాండిలును చక్రానికి ఆనిస్తూ.

"నీకు నవ్వులాటగానే ఉంటుందిలే తాతా" అని పెద్దామె అటు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే చిన్నామె పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది.

"అక్కా, ఆక్సీకరణ సంఖ్యలని ఒక పాఠం ఉంది. అదొక్కటి పట్టుకుంటే పరీక్షంతా అందులోనే ఉంది. రా, చెప్తాను."

పోటీలో ఉన్న మనిషికి పిలిచి మరీ పాఠం చెప్తోందంటే ఎంత ధీమా ఉండాలి, అనుకుంది పెద్దామె. కాదనడానికి సాకు దొరకలేదు. గుమ్మం దగ్గర అత్తగారు కూర్చుని ఉంది.

"చెప్పు."

"ఆక్సిజన్‌కి మైనస్ రెండు. హైడ్రోజన్‌కి ప్లస్ ఒకటి. మిగిలినదానికి ఎంతో మనం తేల్చుకోవాలి. మొత్తం కలిపితే సున్నా రావాలి. ఫార్ములా నెత్తిన ప్లస్సో మైనస్సో గుర్తుంటే ఆ గుర్తంత రావాలి. ఇదిగో, మన పూత ట్యాంకులో ఉండేది ఇదే. క్రోమియం ఒకటి, ఆక్సిజన్లు మూడు. మూడు రెళ్లు ఆరు, మైనస్ ఆరు. సున్నా రావాలంటే క్రోమియంకి ఎంత?"

"ప్లస్ ఆరు."

"చూశావా, ఎంత తేలికో. ఆ ఆరే విషం. మెటా పొడి వేస్తాం కదా, అది క్రోమియంకి మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆరు కాస్తా మూడవుతుంది. ఆ మూడే నువ్వు చూసే ఆకుపచ్చ."

పద్నాలుగేళ్లుగా కలుపుతున్న పొడి లోపల ఇంత తతంగం జరుగుతోందని పెద్దామెకు తెలియదు. తెలియనందుకు సిగ్గేసింది. తెలిసింది చిన్నామె నోటినుంచి అయినందుకు ఒళ్లు మండింది.

"ఇస్తే తగ్గడమేంటే? ఎవరైనా ఏమైనా ఇస్తే పెరగాలి కదా."

"ఎలక్ట్రాన్ అంటేనే మైనస్ అక్కా. అది వచ్చి చేరితే నంబరు తగ్గుతుంది. దాన్ని క్షయకరణం అంటారు. పోగొట్టుకుంటే నంబరు పెరుగుతుంది, అది ఆక్సీకరణం. ఒకటి పోగొట్టుకుంటేనే ఇంకొకదానికి వస్తుంది, రెండూ ఒకేసారి జరగాల్సిందే."

"పోగొట్టుకుంటే పెరిగేటట్టయితే నా నంబరు ఈపాటికి ఆకాశంలో ఉండాలి."

చిన్నామె పకపకా నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది. పెద్దామె నవ్వలేదు. ఆమె నవ్వించడానికి ఆ మాట అనలేదు.

తర్వాతి లెక్కలో క్రోమియంలు రెండు, ఆక్సిజన్లు ఏడు, నెత్తిన మైనస్ రెండు. పెద్దామె వేళ్లు మడిచి లెక్కపెట్టి, "ఏడు" అంది. నెత్తిన గుర్తు మర్చిపోయావంది చిన్నామె. మళ్లీ చేసి "పన్నెండు" అంది. ఇద్దరున్నారు కదా, పంచాలి కదా అంది చిన్నామె. మూడోసారికి గానీ ఆరు రాలేదు. అప్పటికి తరిగిన ముక్కలు నల్లబడ్డాయి.

"చిన్నది ఎంత ఓపిగ్గా చెప్తోందో" అంది అత్తగారు. "వింటుంటే నాకే వచ్చేటట్టుంది."

అత్తగారి నోట అలాంటి మెచ్చుకోలు ఒకప్పుడు పెద్దామెకే దక్కేది. పెద్దది చెయ్యి వేస్తే పనికి తిరుగుండదు, అనేది ఆవిడ, వచ్చిన ప్రతివాళ్లతోనూ. ఆ మాట విని ఎన్నాళ్లయిందో పెద్దామె లెక్క వేసుకుంది. ఆ లెక్క మాత్రం మొదటిసారికే వచ్చింది. ఎనిమిది నెలలు.

"నన్నూ ఒకటి అడగనీ అక్కా" అంది చిన్నామె పుస్తకం మూస్తూ. "ఆ కప్పులో నువ్వేం చూస్తావు? నేనెంత చూసినా నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. నాకూ నేర్పవా?"

"అది చెప్తే వచ్చేది కాదు."

అది అబద్ధం. చెప్తే అరనిమిషంలో వచ్చేస్తుంది. కిటికీ గూట్లో పాతగుడ్డ కింద ఇంకో కప్పు ఉంటుంది. అందులో కుళాయి నీళ్లు పట్టి, ట్యాంకు నీళ్ల కప్పును దాని పక్కన పెట్టి, వెలుగు ఒక భుజం మీదుగా పడేటట్టు ఓరగా నిలబడి చూడాలి. లేత రంగు ఒంటరిగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. పక్కన ఇంకోటి ఉంటేనే బయటపడుతుంది. పద్నాలుగేళ్లలో ఆ రెండో కప్పును ఎవరూ చూడకుండా ఆమె వీపుతో కాపాడుకుంటూ వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ఓనరు మూలనున్న నాలుగు డబ్బాలు చూసి చిరాకు పడ్డాడు. నికెల్ ట్యాంకు శుభ్రం చెయ్యడానికి తెప్పించిన పెరాక్సైడ్ అది. గడువు దాటిపోయింది.

"దీన్నెక్కడ పారబొయ్యాలి?"

"పెరాక్సైడ్ విడిపోతే నీళ్లూ, ఆక్సిజనూ తప్ప ఇంకేం మిగలదు సార్" అంది చిన్నామె. "సున్నం ట్యాంకులో పోసేస్తే అదే పోతుంది."

"సున్నం ట్యాంకులో ఇంతవరకూ సున్నం తప్ప ఏదీ పొయ్యలేదు సార్" అంది పెద్దామె.

"ఎందుకు పొయ్యకూడదో చెప్పమ్మా."

ఎందుకో ఆమెకు తెలియదు. చెయ్యి ఒప్పుకోవడం లేదు, అంతే. ఆ మాట పైకి అంటే నవ్వుతారు.

"అందుకే చదువుకోమనేది" అన్నాడు ఓనరు, చిన్నామె వైపు మెచ్చుకోలుగా చూస్తూ. "పెద్దామె, ఆ డబ్బాలు నువ్వే కాస్త వంచెయ్యి. బరువుగా ఉన్నాయి, చిన్నామె ఎత్తలేదు."

నాలుగు డబ్బాలూ పెద్దామే మోసుకెళ్లి వంచింది. ఆకుపచ్చ మడ్డి మీద బుసబుసమని నురగ లేచింది. వెనక రిజిస్టరు దగ్గర చిన్నామె మొదటి ట్యాంకు నీళ్లలో ముంచిన, విషముంటే రంగు మారే పరీక్ష కాగితాన్ని ఆరబెట్టి, "సరే" అని రాసి, పొందికైన అక్షరాలతో సంతకం పెట్టింది. నీళ్ల పరీక్ష ఎప్పుడూ మొదటి ట్యాంకు దగ్గరే జరుగుతుంది. ఒకసారి ఆకుపచ్చ అయిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవని షెడ్డులో అందరి నమ్మకం. నిజానికి పెద్దామె నమ్మకమూ అదే.

గురువారం నాలుగున్నరకు ఆమె మూడో ట్యాంకులో కప్పు ముంచి, కిటికీ దగ్గరికి వెళ్లి, గుడ్డ తీసి, రెండో కప్పు పక్కన పెట్టింది. చూసింది. కప్పుల స్థానాలు మార్చి మళ్లీ చూసింది.

పసుపు. నిమ్మచెక్క పిండిన చేతిని ముంచితే నీళ్లకు వచ్చేంత రంగు. పక్కన కప్పు లేకపోతే ఆమె కూడా వదిలేసేది.

ముందు సంతోషం కలిగింది. నిన్న పోసిన డబ్బాలే, ఇంకేం కాదు. రిజిస్టరులో "సరే" అని ఉంది, కింద చిన్నామె సంతకం ఉంది. శనివారం పొద్దున తనిఖీకి పై ఆఫీసు మనిషి వస్తాడు, వాల్వు కింద గుంటలోంచి సీసా నింపుకుని వెళ్తాడు. సీసాలో విషం తేలితే రిజిస్టరు తెరుస్తారు. ఎవరి సంతకం ఉంటే వాళ్లనే అడుగుతారు. తను చెయ్యాల్సిందల్లా రోజూ చేసే పనే. ఒకవేళ ఇప్పుడు చెప్పిందనుకో, చిన్నామె గబగబా ఏదో లెక్క వేసి సరిచేసేస్తుంది, చదువుకున్నవాళ్ల బుర్రే బుర్ర అంటాడు ఓనరు.

"ఊ" అంది పెద్దామె.

తాళం తీసి వాల్వు తిప్పింది. నీళ్లు గుంటలో పడి, గుంట నిండి, కాలవలోకి జారాయి. అలా పారుతుంటే రంగేమీ కనపడలేదు. తప్పు చేస్తున్నప్పుడు లోకమంతా వేరేగా కనిపిస్తుందంటారు. ఆమెకు అంతా మామూలుగానే కనిపించింది.

కాలవ వంక తిరిగే చోట ఆకుకూర మళ్లు ఉన్నాయి. మళ్లు చూసుకునే మనిషి, నడుం వంగిన ముసలిది, అప్పుడే రెండు చేతుల్లో రెండు డబ్బాలతో గట్టు దిగింది. రోజూ దిగేదే. ఇక్కడినుంచి పెద్దామె రోజూ చూసేదే. ముసలిది డబ్బా ముంచి, లేచి, పాలకూర మడి మీద వంచింది. రెండోది కూడా ముంచింది.

పెద్దామె వాల్వు బిగించేసింది. రెండు నిమిషాలు పారి ఉంటాయి, మహా అయితే మూడు. తాళం మూడోసారికి గానీ పడలేదు.

"అప్పుడే కట్టేశావేంటక్కా?" అంది చిన్నామె వెనకనుంచి.

"మడ్డి ఇంకా దిగలేదు. రేపు తెరుద్దాం."

"అలాగే."

ఎందుకని అడగలేదు. నమ్మేసింది. ఆ నమ్మకం చూసి పెద్దామెకు ఇంకాస్త కోపం వచ్చింది.

ఇంటికొచ్చి పొయ్యి మీద అన్నం పెట్టి, గోడనున్న క్యాలెండరులో పోయిన నెల కాగితం చింపి, దాని వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదేమీ కాదు. శుక్రవారం పొద్దున ఓనరు ముందు నిలబడి, నీ చదువు ఏం చేసిందో చూడవే అనాలి. ఊరికే అంటే చాలదు, ఎందుకు తప్పో కూడా చెప్పాలి. నిన్న "ఎందుకో చెప్పమ్మా" అన్నప్పుడు మూగదానిలా నిలబడింది కదా. ఆ మాటకి బాకీ తీరాలి.

పెరాక్సైడ్. డబ్బా మీద రాసి ఉన్నదే. హైడ్రోజన్లు రెండు, ఆక్సిజన్లు రెండు. హైడ్రోజన్లకి ప్లస్ రెండు. ఆక్సిజన్లకి రెండు రెళ్లు నాలుగు, మైనస్ నాలుగు. కలిపితే మైనస్ రెండు. సున్నా రావాలి కదా. నెత్తిన గుర్తేమైనా ఉందా? లేదు.

మళ్లీ చేసింది. మళ్లీ అదే. మొద్దు బుర్ర, అని తనను తను తిట్టుకుంది. మూడోసారి చేసి, ఈసారి తిట్టుకోకుండా పెన్సిలు కింద పెట్టి ఆలోచించింది. రెండు హైడ్రోజన్లు ఉన్నాయి, ప్లస్ రెండు. మొత్తం సున్నా. అంటే రెండు ఆక్సిజన్లకీ కలిపి మైనస్ రెండే రావాలి. ఒక్కోదానికి ఒకటి. పుస్తకం చెప్పిన రెండు ఇక్కడ కుదరదు. కుదరదంటే కుదరదు, ఎవరు చెప్పినా సరే.

అన్నం పొంగింది. మూత తీసి మళ్లీ వచ్చి కూర్చుంది.

మామూలుగా రెండు ఉండాల్సిన ఆక్సిజన్‌కి ఇక్కడ ఒకటే ఉంది. సగం కడుపుతో ఉందన్నమాట. ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందా అని చూస్తూ ఉంటుంది. అలాంటిదాన్ని తీసుకెళ్లి మడ్డిలో పోశారు. మడ్డిలో ఉన్నది మూడు నంబరు క్రోమియం. దాని దగ్గర మూడు ఎలక్ట్రాన్లు లాక్కుంటే అది మళ్లీ ఆరవుతుంది. ఆరంటే పసుపు. ఒక పెరాక్సైడ్‌లో ఆక్సిజన్లు రెండు, కాబట్టి అది రెండు తీసుకుంటుంది. క్రోమియం మూడు పోగొట్టుకుంటుంది. రెండు క్రోమియంలకి ఆరు, మూడు పెరాక్సైడ్‌లకి ఆరు. సరిపోయింది. వెనక్కి పోవనుకున్న నీళ్లు అందుకే వెనక్కి పోయాయి.

పెద్దామె ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తప్పులేదు. ఎక్కడా తప్పులేదు. ఎవరూ చెప్పకుండా, నెత్తిన గుర్తు మర్చిపోకుండా, పంచాల్సిన చోట పంచి, తనే తేల్చింది. గాల్లో తేలినట్టుంది. ఎవరికైనా చూపించాలి.

భర్త స్నానం చేసి వచ్చి కాగితం వంక తొంగిచూశాడు.

"ఏంటిది, డాక్టరు చీటీలా ఉంది?"

"ఏం లేదులే."

అత్తగారికి చూపిస్తే బాగుందంటుంది. ఓనరుకు చూపిస్తే తలూపుతాడు. పెద్దామె లేచి పక్కగది గుమ్మం దాకా వెళ్లింది. లోపల చిన్నామె మంచం మీద బాసింపట్టు వేసుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. ఈ ఇంటినీ, షెడ్డునీ జల్లెడ పట్టినా ఈ కాగితం విలువ తెలిసిన మనిషి ఆ ఒక్కతే. పెద్దామెకు ఏడుపొచ్చినంత పనైంది. కాగితం మడిచి నడుం దగ్గర దోపుకుని వెనక్కి వచ్చేసింది.

శుక్రవారం ఆమె షెడ్డుకు వెళ్లేసరికి చిన్నామె అప్పటికే కిటికీ దగ్గర ఉంది. చేతిలో పింగాణీ కప్పు ఉంది. దాన్ని వెలుగుకు ఎదురుగా ఎత్తి, కళ్లు చికిలించి చూస్తోంది. మొహం పాలిపోయింది.

"అక్కా, మడ్డి దిగిందేమో చూద్దామని మూడో ట్యాంకులోంచి తీశాను. ఇది పసుపా, నా కళ్లే అలా ఉన్నాయా?"

చిన్నామె జేబులోంచి పరీక్ష కాగితం తీసి ముంచింది. కాగితం ఊదారంగుకు తిరిగింది. ఆ రంగు మొదటి ట్యాంకులో పొడి వెయ్యకముందు రావాలి, ఇక్కడ రాకూడదు.

"ఆరు ఉంది. మొన్న నేనే చూశాను కదా, ఆకుపచ్చ అయింది. అయ్యాక మళ్లీ ఎలా వస్తుందక్కా? నాకేం అర్థం కావట్లేదు. ఓనరుకు చెప్పేస్తాను, తప్పు నాదే అయి ఉంటుంది."

ఇదే కావలసింది పెద్దామెకు. పొద్దుటినుంచి మాటలన్నీ వరసలో పెట్టుకుని వచ్చింది. ఓనరు గది తలుపు తీసే ఉంది. తీరా చూస్తే ఆ మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నడుం దగ్గరి కాగితం తీసి చిన్నామె చేతిలో పెట్టింది.

చిన్నామె చదివింది. వేలు ఒక్కో వరుసా దిగుతూ వచ్చి, మధ్యలో ఒకచోట ఆగింది. పెద్దామె ఎక్కడో గుర్తు వదిలేసి ఉంటాననుకుంది.

"మైనస్ ఒకటి" అంది చిన్నామె నెమ్మదిగా. "పెరాక్సైడ్‌లో మైనస్ ఒకటి. నేను ఇన్నాళ్లూ అన్నిట్లోనూ రెండే అనుకుంటున్నాను. ఇది నాకు తట్టలేదక్కా." మళ్లీ మొదటినుంచి చదివింది. "రెండుకి మూడు. ఎంత బాగా తేల్చావు."

ఆ మాట కోసం పెద్దామె నిన్నటినుంచి ఎంత ఆకలితో ఉందో ఆ మాట చెవిన పడ్డాకే ఆమెకు తెలిసింది. ఆ తర్వాత చిన్నామె కాగితం తిప్పి వెనకవైపు తేదీల గళ్లు చూసింది. ఇంటి క్యాలెండరు. తలెత్తింది.

"ఇది రాత్రి ఇంట్లో రాశావా? అయితే నువ్వెప్పుడు చూశావు?"

ఇందాకే చూశానని అనేస్తే సరిపోయేది. అనుమానమొచ్చి ఊరికే రాశానంటే నమ్మేది కూడా.

"నిన్న నాలుగున్నరకి" అంది పెద్దామె. "చూసీ వాల్వు తిప్పాను. రెండు మూడు నిమిషాలు వదిలాను."

"ఎందుకు?"

"నీ సంతకం ఉంది కదా, అందుకు."

చిన్నామె కాగితాన్ని మడతలు తప్పకుండా మడిచి, తిరిగి ఇచ్చేసింది. రిజిస్టరు తీసి, బుధవారం గడిలో, సున్నం ట్యాంకులో పెరాక్సైడ్ పోయించింది తానేనని, అది తప్పని రాసి సంతకం చేసింది. గురువారం గడి ఖాళీగా వదిలి, పెన్ను రిజిస్టరు మీద పెట్టి, పంపు దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దామె పెన్ను తీసుకుంది. అక్షరాలు వంకర్లు పోయాయి. "గురువారం నాలుగున్నర. పసుపు కనిపించింది. చూసి కూడా వాల్వు తెరిచాను." సంతకం పెట్టింది.

ఆ రోజంతా ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. రెండో, మూడో ట్యాంకుల నీళ్లను విడతలవారీగా మొదటి ట్యాంకులోకి తోడారు. గుంట కడిగారు. లిట్మస్ కాగితం ఎర్రబడేదాకా యాసిడ్డు పోశారు. ముక్కులు మండే ఆ మెటా పొడిని మామూలు కన్నా ఎక్కువే, ఒక్కో గరిటే చల్లుతూ కలిపారు. మధ్యాహ్నానికి పసుపు బురదరంగుకు దిగింది, ఆ తర్వాత ఆకుపచ్చకు తిరిగింది. ఒక్కసారి కూడా చిన్నామె అక్కా అని పిలవలేదు. "గరిటె", "పైపు", "చాలు", అంతే. బఫింగ్ చక్రం దగ్గర ముసలాయన కూడా ఆ రోజు జోకులు వెయ్యలేదు.

అన్నం వేళకు పెద్దామె ఒక్కతే కాలవ వెంట మళ్ల దగ్గరికి వెళ్లింది.

"నిన్న సాయంత్రం నీళ్లు పట్టిన మడి ఏది?"

ముసలిది చూపించింది. పెద్దామె వంగి పాలకూర వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టింది.

"నవనవలాడే కూరని పీకేస్తావేంటి తల్లీ?"

"మా నీళ్లు పాడయ్యాయి. నేనే వదిలాను. ఇది ఎవరూ తినకూడదు."

"ఇన్నాళ్లూ ఏమైనా అమృతం వదిలావా?"

"ఇన్నాళ్లూ చూసి వదిలాను" అంది పెద్దామె తలెత్తకుండా. మడి మొత్తం పీకి, పైమట్టి కూడా గీకి, గోనెసంచిలో నింపి, షెడ్డు మడ్డి గదిలో పెట్టించింది. గోళ్లలో దూరిన మట్టి సాయంత్రందాకా పోలేదు.

ఓనరు రిజిస్టరు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఎవరూ చూడలేదు, సరిచేసేశారు కూడా. ఇదంతా రాసిపెట్టడమెందుకు? ఆ రెండు గడులూ కొట్టేసి, మామూలుగా రాయండి."

"సిరాతో రాశాను సార్" అంది పెద్దామె.

"నేను కూడా" అంది చిన్నామె.

ఆయన ఇద్దరి మొహాలూ చూసి, ఏమనుకున్నాడో, రిజిస్టరు మూసేశాడు.

శనివారం పొద్దున పై ఆఫీసు మనిషి వచ్చి సీసా నింపుకుని వెళ్లాక పరీక్ష పెట్టారు. పది ప్రశ్నలు. ఆరో ప్రశ్న: హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ ఆక్సీకరణ సంఖ్య ఎంత? పెద్దామె మైనస్ ఒకటి అని రాసి, పక్క బల్ల వైపు చూసింది. చిన్నామె పెన్ను ఆ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి, రాసి, ముందుకు వెళ్లింది.

ఓనరు జవాబుల కాగితంతో పోల్చి దిద్దాడు. చిన్నామెకు ఎనిమిది. పెద్దామెకు ఏడు.

"ఒక్క మార్కే తేడా" అన్నాడు ఆయన, ఓదార్పుగా.

ఆ ఒక్కటీ ఎక్కడినుంచి వెళ్లిందో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. పెద్దామె నడుం తాడు విప్పింది. ముడి పద్నాలుగేళ్లలో రాయిలా బిగుసుకుపోయింది, పళ్లతో లాగాల్సి వచ్చింది. వద్దక్కా, నువ్వే ఉంచుకో అని చిన్నామె అంటుందేమోనని ఒక మూల ఆశ ఉంది. చిన్నామె చెయ్యి చాపి తీసుకుంది. తీసుకుని, ట్యాంకుల వైపు వెళ్లిపోయింది.

పెద్దామె, కుళాయిలను పూత ట్యాంకులోకి వేలాడదీసే హ్యాంగర్ల దగ్గర కూర్చుని వాటికి రాగితీగ చుట్టసాగింది. నడుం మీద తాడు ఉన్నచోట చర్మం చల్లగా ఉంది. మనసులో కుళ్లు ఎక్కడికీ పోలేదు, పోయినట్టు నటించే ఓపిక కూడా ఆమెకు లేదు. నాలుగున్నర అయింది. కిటికీ దగ్గర చిన్నామె కప్పు పట్టుకుని నిలబడింది. ఒకటే కప్పు, మొహం వెలుగుకు ఎదురుగా. అటు తిప్పుతోంది, ఇటు తిప్పుతోంది. పరీక్ష కాగితం ముంచి చూసుకుంది. అది సరే అన్నట్టే ఉంది, అయినా వాల్వు దగ్గరికి వెళ్లడం లేదు. షెడ్డులో పని ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు.

"అక్కా" అంది చిన్నామె, వెనక్కి తిరక్కుండానే. "నాకు కనపడట్లేదు."

పెద్దామె తీగ కింద పెట్టి లేచింది. వెళ్లి చూసి ఊ అనవచ్చు. అలా అయితే రోజూ నాలుగున్నరకు తనను పిలవాల్సిందే, తాళంచెవి ఎవరి నడుముకు ఉంటేనేం. కిటికీ దాకా నడుస్తున్నంతసేపూ ఆ ఆలోచన తియ్యగా ఉంది.

గూట్లోంచి పాతగుడ్డ తీసింది. రెండో కప్పు అందుకుని, కుళాయి కింద పట్టి, తెచ్చి పక్కన పెట్టింది.

చిన్నామె రెండు కప్పుల వంకా, ఆమె మొహం వంకా చూసింది. "ఇదా?"

"ఇదే. ఇంతే."

ఇది కూడా వెళ్లిపోయింది, అనుకుంది పెద్దామె. అయినా చిన్నామె భుజాలు పట్టుకుని, వెలుగు భుజం మీదుగా పడేటట్టు ఓరగా తిప్పింది.

"పైనుంచి చూడు. కంగారు పడకు. ఒకటి చూసి ఇంకోటి చూడు."

చిన్నామె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఊ" అంది.